లాగిన్ అయితే మారే పేజీ

తెలుగు వికీపీడియాలో మన ముండ్లమూరు పేజీ తెరిచి చూడండి. లాగిన్ కాకపోతే అందరికీ దాదాపు ఒకే రూపం. ముందే తయారుచేసి సర్వర్లలో దాచిన కాపీని పంపుతారు, అందుకే త్వరగా తెరుచుకుంటుంది. లాగిన్ అయ్యామా, బ్రౌజర్లోని కుకీతో సర్వరు మనల్ని గుర్తుపట్టి, మనం ఎంచుకున్న రూపంలో పేజీ కట్టి ఇస్తుంది. వీక్షణ జాబితా, మనం చేసిన మార్పుల చిట్టా పైన వచ్చి చేరతాయి.

వ్యాసం మాత్రం ఇద్దరికీ పూర్తిగా కనిపిస్తుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనప్పటి నుంచీ చదవడానికి ఖాతా అడగలేదు. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. పొలం అడంగల్, పరీక్షా ఫలితాలు చూపే పేజీలు కట్టేవాళ్లు కూడా ఇలాగే ఆలోచించాలి. పాస్‌వర్డ్ మర్చిపోయిన రైతుని గుమ్మం బయట నిలబెట్టకూడదు.

మన మండలం ఊళ్ల ఫొటోలు మీ ఫోన్లో ఉంటే వికీకి ఎక్కించండి. దానికి మాత్రం ఖాతా కావాలి.