సీసల చెయ్యి పడ్తదా?

పాలపొడి డబ్బా మీది సూచనలు చదివినప్పుడల్లా, ఆ వంటిల్లు ఎవరిదా అని నాకు అనుమానం. సీసా, పీక, మూత విడదీయాలి. సబ్బునీళ్లతో, బ్రష్షుతో తోమాలి. నీళ్లలో పూర్తిగా ముంచి మరిగించాలి. ఈ 'ఆలి'లన్నీ ఎవరు చెయ్యాలో మాత్రం రాయరు. రాయనక్కర్లేదు కదా!

మా అమ్మాయి కాన్పుకు కట్టంగూర్ వచ్చింది. బిడ్డ బరువు తక్కువ. తల్లిపాలతోపాటు కొన్నాళ్లు డబ్బాపాలు పట్టమని డాక్టరమ్మ రాసింది. రోజుకు ఎనిమిదిసార్లు పట్టాలంటే ఇంట్లో ఎనిమిది సీసాలైనా ఉండాలి, ఎనిమిదిసార్లు తోమే మనిషైనా ఉండాలి. మా ఇంట్లో సీసాలు రెండే.

మా పెద్దమ్మ అటక మీది ఉగ్గుగిన్నె దింపించింది. "సీసల చెయ్యి పడ్తదా బిడ్డా? గిన్నైతే ఏలు తిప్పి తోముత" అంది. ఎంత సూటి మాట! పాలలోని కొవ్వు, మాంసకృత్తులు సీసా మెడలో, పీక మడతలో జిగురులా పట్టుకుంటాయి. ఆ జిగురు పోకుండా ఎంత మరిగించినా క్రిములు దాని చాటున దాక్కుంటాయి. ముందు తోమడం, తర్వాతే మరిగించడం. సీసాకన్నా గిన్నెతో పట్టడమే క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది. అలాగని పెద్దమ్మ చెప్పినవన్నీ ఒప్పుకోలేదు. మరిగించిన గిన్నెను కొంగుతో తుడవబోతే ఆపాను. శుభ్రమైన బట్టమీద బోర్లించి ఆరనివ్వాలి. గిన్నె ఉంది కదా అని ఆర్నెల్లు నిండకుండా ఉగ్గు కలపడమూ కుదరదన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మా జిల్లాలో ఇంకో చిక్కుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు. నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. సీసా మరిగించడానికి బోరునీళ్లయినా పరవాలేదు కానీ పాలపొడి కలపడానికి పనికిరావు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్గొండ పద్ధతి' అనే పేరు. ఏం పేరు తెచ్చుకున్నాం! 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఇళ్లకు కృష్ణా నీళ్లొచ్చాయి. కుళాయి రాని రోజు పొడి కలపడానికి క్యాను కొన్నాం. తల్లి ఫ్లోరైడ్ నీళ్లు తాగినా ఆమె పాలలోకి వచ్చేది అతి స్వల్పమని చదివినప్పుడు, కీళ్లు పట్టేసిన మా ఊరి పాత తల్లులందరూ గుర్తొచ్చారు.

పాలపొడి కూడా క్రిమిరహితం కాదు. మరిగించిన నీళ్లు 70 డిగ్రీలకన్నా చల్లబడకముందే పొడి కలిపి, తర్వాత చల్లార్చి పట్టాలి. రెండు గంటలు దాటితే పారబోయాలి. పక్కింటి కోడలు పొద్దున పత్తి ఏరడానికి పోతూ కలిపిపెట్టిన సీసా, అత్త చేతిలో మధ్యాహ్నం దాకా నడుస్తుంది. పారబోయడమంటే ఆమెకు కూలి డబ్బులు పారబోయడమే. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. పది మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలకే అది. పత్తిచేను సంస్థ కాదు. పిల్లకు విరేచనాలైనప్పుడు మాత్రం "సీసా సరిగ్గా కడగలేదా?" అని అందరూ ఆ కోడలినే అడిగారు.

1939లో సింగపూర్‌లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ డబ్బాపాల ప్రచారాన్ని హత్యతో పోల్చి ఉపన్యసించింది. మన దేశంలో 1992 చట్టం పాలసీసాల ప్రకటనలను నిషేధించింది. అమ్మేవాళ్లను కట్టడి చేసిన ఆ చట్టం అవసరమే. తోమే చేతుల ఊసు అందులో లేదు.

మా అల్లుడు ఆదివారాలు వస్తాడు. బిడ్డను ఒళ్లో వేసుకుని ముచ్చటగా పాలు పట్టి, సీసా సింకులో పెట్టి వెళ్తాడు. పోయిన వారం బ్రష్షు అతని చేతికిచ్చాను. అమ్మాయి నావైపు కంగారుగా చూసింది. అతను సీసా గలగలలాడించి బోర్లించబోయాడు.

"పీక తిరగేసి చూడు అల్లుడా, మడతల ఉంటది!" మంచం మీంచే కేకేసింది పెద్దమ్మ.