పాత కారు హీటర్ లీకు: మరమ్మతుకు ముందు వేయవలసిన లెక్క

కారులోని హీటర్ తనంతట తాను వేడిని పుట్టించే పరికరం కాదు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్, అంటే ఇథిలీన్ గ్లైకాల్‌ను నీటితో కలిపి తయారుచేసే ద్రవం, ఇంజన్ వేడిని మోసుకొని రెండు రబ్బరు గొట్టాల ద్వారా డ్యాష్‌బోర్డు వెనకనున్న ఒక చిన్న రేడియేటర్‌లోకి వచ్చి పోతుండగా, దాని రేకుల మీదుగా ఫ్యాను తోసే గాలి వెచ్చబడి లోపలికి వస్తుంది. ఈ చిన్న రేడియేటర్‌ను హీటర్ కోర్ అంటారు. షెడ్లలో హీటర్ కాయిల్ అనే మాట కూడా వినిపిస్తుంది. చాలా కార్లలో హీటర్ మీట నొక్కకపోయినా ఈ కోర్ గుండా కూలెంట్ ప్రవహిస్తూనే ఉంటుంది కాబట్టి, వాడని వస్తువు చెడిపోదన్న ధీమా దీని విషయంలో చెల్లదు. పైగా అది చిల్లుపడితే పోయేది వెచ్చదనం కాదు, ఇంజన్‌ను కాపాడే ద్రవం.

ఈ లీకు కారు కింద మరకగా కనిపించకపోవడమే అసలు చిక్కు. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడవడం, లోపల తియ్యని వాసన రావడం, అద్దం లోపలివైపు తుడిచినా వదలని జిడ్డు పొర పట్టడం, నేల మీద చుక్క లేకుండానే కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గడం కలిసి కనిపించినప్పుడు కోర్‌ను అనుమానించాలి. అయితే తడిసిన ప్రతి కార్పెట్టూ కోర్ లీకుకు సాక్ష్యం కాదు. ఏసీలో గాలిలోని తేమ నీరుగా మారి ఒక సన్నని గొట్టం గుండా బయటికి పోవాలి. ఆ గొట్టం దుమ్ముతో పూడితే ఆ నీరు కార్పెట్ మీదికే కారుతుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు ఏసీ వేసుకొనే తెలుగు ప్రాంతాలలో ఇది మామూలే. ఆ నీటికి రంగూ జిడ్డూ ఉండవు, కూలెంట్‌కు రెండూ ఉంటాయి కనుక తెల్లకాగితం ఒకటి తడి మీద అద్ది చూస్తే తేడా చాలావరకు తెలుస్తుంది. నాలుకతో రుచి చూసి తేల్చడం మాత్రం ఎవరూ చేయరాదు. ఇథిలీన్ గ్లైకాల్ ప్రాణాంతకమైన విషం, దానిని నాకిన కుక్కలూ పిల్లులూ చనిపోవచ్చు.

ఈ వ్యాసకర్త ఇంట 2008లో కొన్న పెట్రోలు కారులో 2022లో ఈ లోపం తలెత్తగా, అప్పటి నిర్ణయాల వరుస ఇంటి లెక్కల పుస్తకంలో యథాతథంగా ఉంది. మొదటి తొమ్మిది నెలలు నెలకు సుమారు లీటరు చొప్పున కూలెంట్ పోస్తూ నెట్టుకురావడానికి ₹2,300 అయింది. తర్వాత ఒక షెడ్డులో, ఏ పరీక్షా లేకుండా, రేడియేటర్ పాతబడిందన్న మాట మీద దానిని మార్చడానికి ₹4,800 అయింది. మట్టం మాత్రం మునుపటిలాగే తగ్గుతూ వచ్చింది. చివరికి వేరొక చోట ప్రెషర్ టెస్టుకు ₹500, దాని ఆధారంగా చేసిన మరమ్మతుకు ₹700 చెల్లించడంతో లీకు ఆగింది. మొత్తం ₹8,300లో పనికివచ్చినది ₹1,200. కొత్త రేడియేటర్ ఇంకా పనిచేస్తోంది గనుక ఆ సొమ్ము పూర్తిగా వృథా కాలేదని సమాధానపడవచ్చు గాని, అవసరం లేని రోజున కొన్న వస్తువును పొదుపు ఖాతాలో రాయడం తనను తాను మభ్యపెట్టుకోవడమే అవుతుంది. నెలకు రెండు వందల యాభై రూపాయలన్నది ఏ నెలలోనూ పెద్ద ఖర్చుగా కనిపించకపోవడం వల్ల పరీక్ష వాయిదా పడుతూ వచ్చిందన్నది ఆ పుస్తకం చూపే అసలు సంగతి.

ప్రెషర్ టెస్టు అంటే, ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత స్థానంలో చేతిపంపు బిగించి, మూత మీద ముద్రించి ఉండే పీడనం, సాధారణంగా 0.9 లేదా 1.1 బార్, వరకు గాలి ఎక్కించి ముల్లు నిలుస్తుందో పడిపోతుందో గమనించడం. ముల్లు పడిపోతూ బయట ఎక్కడా తడి లేకుండా కార్పెట్ మాత్రం తడిస్తే అనుమానం కోర్ మీద నిలుస్తుంది. ఆ తర్వాత కోర్‌కు వెళ్లే రెండు గొట్టాలనూ విడదీసి తాత్కాలికంగా ఒకదానితో ఒకటి కలిపి, కోర్‌ను పక్కన పెట్టి మళ్లీ పంపు వేస్తే, ఈసారి ముల్లు నిలిచిందంటే సందేహం తీరినట్టే. రెండు దశల్లోనూ ముల్లు పడిపోతూ ఎక్కడా తడి కనిపించకపోతే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ నడుమ ఉండే పొర, దెబ్బతిన్నదేమోనని చూడాలి. దాని ఖర్చు స్థాయి పూర్తిగా వేరు.

కోర్ మార్చడానికి వచ్చిన అంచనాలో వస్తువు ధర ₹2,400 మాత్రమే. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి బిగించే కూలి ₹6,000, ఆ కారులో ఏసీ కాయిల్ కూడా అదే పెట్టెలో ఉన్నందున గ్యాసు తీసి నింపడానికి ₹2,000 కలిపి ₹10,400 తేలింది. ఇటువంటి పనిలో విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల విప్పిన బండి నుంచి పాత కోర్ తెచ్చి ఖర్చు తగ్గించాలనుకోవడం పొరపాటు, ఎందుకంటే తగ్గేది చిన్న భాగంలోనే. అది కూడా త్వరలో చిల్లుపడితే ఆరువేల కూలి మళ్లీ కట్టవలసి వస్తుంది. లీకు పూడ్చే పొడులు, ద్రవాలు అంతకన్నా ప్రమాదకరం. అవి చిల్లుకూ సన్నని గొట్టానికీ తేడా ఎరగవు.

పైన చెప్పిన ₹700 మరమ్మతుగా ఆ కుటుంబం ఎంచుకున్నది బైపాస్, అంటే రెండు గొట్టాలనూ ఇంజన్ వైపునే ఒకదానితో ఒకటి కలిపి కోర్‌ను ప్రవాహం నుంచి తప్పించడం. కొన్ని ఇంజన్లలో ఆ మార్గం ఆగితే ఉష్ణోగ్రత నియంత్రణ దెబ్బతింటుంది కాబట్టి గొట్టాలకు బిరడాలు కొట్టకుండా కలపడమే మేలు. హైదరాబాదులో హీటర్ అవసరపడే రోజులు ఏడాదికి వేళ్ల మీద లెక్కించదగినవి, వానాకాలంలో అద్దం మీది మసకను ఏసీయే తొలగిస్తుంది. అందుచేత ₹9,700 తేడా పెట్టి కొనేది దాదాపు ఏమీ లేదు. లంబసింగి చలిలో రోజూ తెల్లవారుజామున బయలుదేరే వారికి ఈ లెక్క మారుతుంది. అమెరికాలో మిన్నెసోటా వంటి చోట చదువుకుంటూ పాత కారు కొన్న తెలుగు విద్యార్థికైతే బైపాస్ సలహా ఇవ్వనే కూడదు, ఎందుకంటే అక్కడ హీటరే ముందు అద్దం మీది మంచును కరిగించి దారి కనబడేలా చేస్తుంది.

కోర్ చిల్లుపడడానికి కారణం కూడా ఒక పాత పొదుపు నిర్ణయమే అయివుండే అవకాశం ఎక్కువ. కూలెంట్‌లో తుప్పును అడ్డుకునే రసాయనాలుంటాయి, కాలక్రమేణా వాటి శక్తి తగ్గుతుంది. లోపం తలెత్తకముందు ఆ కారులో ఏళ్ల తరబడి ద్రవాన్ని మార్చకపోగా, తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోశారు. ఆ నీటిలోని లవణాలు వేడి లోహం మీద గారగా పేరుకుంటాయి, క్లోరైడ్లు అల్యూమినియంను గుంటలు గుంటలుగా తినేస్తాయి.

మరమ్మతు ఖర్చును కారు అమ్మకపు ధరతో పోల్చి చూడడం వాడుకలో ఉంది గాని, అది సరైన కొలమానం కాదు. ఆ ఖర్చుతో మరెన్ని నెలల ప్రయాణం దక్కుతుంది, అదే ప్రయాణం మరో కారు వాయిదాలతో ఎంతకు దొరుకుతుంది అన్నదే పోల్చవలసిన లెక్క. లీకును వదిలేసి ఇంజన్ వేడెక్కి సీజ్ అయితే ఆ నష్టాన్ని సాధారణ వాహన బీమా భరించదు, అరుగుదలా యాంత్రిక వైఫల్యమూ దాని పరిధిలోకి రావు. 2023లో రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండినప్పుడు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ₹5,000 రుసుము చెల్లించి ఆ కుటుంబం మరో ఐదేళ్లకు దానిని పొడిగించుకొంది. అప్పటి నుంచి నెలకు ₹1,500 బండి పేరిట విడి ఖాతాలో వేస్తోంది. ఆ ఖాతా నుంచి వెళ్లిన తొలి ఖర్చు పాత కూలెంట్‌ను తీసి కొత్తది నింపడానికీ, బైపాస్ గొట్టపు క్లిప్పులను మార్చడానికీ అయిన ₹1,400.