సూర్యలంకలో ఒక ఆదివారం

మా అమృతలూరు వైపు సముద్రానికి వెళ్ళడమంటే కార్తీక స్నానమే. పౌర్ణమికి ఆటోలు, ట్రాక్టర్లు కట్టించుకుని సూర్యలంక పోయి, మూడు మునకలేసి, ఇసుకలో పసుపు కుంకుమలుంచి దణ్ణం పెట్టుకుని, తెచ్చుకున్న పులిహోర తిని ఇంటిదారి పట్టేవాళ్ళు. సరదాకని సముద్రానికి పోవడం తర్వాత వచ్చిన అలవాటు. ఆ సరదా చూద్దామని ఎండాకాలంలో ఒక ఆదివారం మా మేనల్లుడి బండెక్కాను.

చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బాపట్ల. మాగాణి వెనకబడి ఇసుక నేలలు, తాడిచెట్లు, సరుగుడు తోటలు మొదలయ్యాయి. బాపట్ల దాటాక సముద్రం తొమ్మిది కిలోమీటర్లే. పక్కనే వైమానిక దళ కేంద్రం. క్షిపణులు పేల్చి చూసేది అక్కడే.

నాలుగయ్యేసరికి ఒడ్డంతా జనం. గుంటూరు, విజయవాడ, హైదరాబాదు బళ్ళు. చీరలతో, చుడీదార్లతో, నైట్‌ప్యాంట్లతో అలాగే నీళ్ళలోకి దిగిపోతున్నారు. పోలీసాయన మైకులో అరుస్తున్నాడు: "అక్కా, ఆ పిల్లాణ్ణి వెనక్కి లాగండి!" అక్క వింటేగా!

చేపలు వేయించే ఒక బండి దగ్గర ఆగాం. గాట్లు పెట్టిన చందువ చేపలకి ఒకావిడ కారం, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టిస్తోంది. గాట్లలోకి వేలు దూర్చి మరీ రుద్దుతోంది.

"రొయ్యలు సముద్రానివేనామ్మా?"

"చెరువువి బాబూ. వేట లేదుగా ఇప్పుడు."

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరబోట్లకి వేట నిషేధం. పిల్లలకి సెలవులూ అప్పుడే. మగవాళ్ళ పడవలు ఒడ్డుకెక్కిన రోజుల్లో ఆవిడ ఇంటిని నడిపేది ఈ పెనమే.

"రాత్రిళ్ళు ఉండేవాళ్ళున్నారా?"

"ఎక్కడ బాబూ! పొద్దుగూకితే ఎవరి ఊరు వాళ్ళు పోతారు. సోమవారం వచ్చి చూడు, ఈగలు తోలుకుంటా ఉంటాం."

రాత్రిళ్ళు జనం ఉండిపోయే తీరాలూ లేకపోలేదు. స్పెయిన్‌లో బెనిడోర్మ్ కూడా ఒకప్పుడు చేపలు పట్టుకునే ఊరే. 1950ల్లో అక్కడి మేయర్ పెడ్రో సరగోసా బికినీలకు అడ్డు తొలగించాడు, ఎత్తయిన భవనాలకు దారి తీశాడు. చలిదేశం బ్రిటన్ నుంచి జనం విమానాల్లో దిగి, ఎండ కాగుతూ రోజుల తరబడి ఉండిపోతారు. మన నిజాంపట్నానికీ ఇంగ్లీషువాళ్ళు 1611లో గ్లోబ్ ఓడలో వచ్చారు, కాకపోతే బట్టల బేరానికి. ఎండ కోసం మన ఒడ్డుకెవరొస్తారు? మనవాళ్ళు ఎండ దిగాకే వస్తారు, తడిసి పోతారు.

ఇక్కడ హరిత రిసార్టు ఉంది, ప్రైవేటు రిసార్టులున్నాయి. కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0లోనూ సూర్యలంక చేరింది. మంచిదే. కానీ నేను చూసిన ఆ ఆదివారం ఒక కుటుంబంలో ఇద్దరాడవాళ్ళు చీర అడ్డుపట్టుకుంటే మూడో ఆవిడ బట్టలు మార్చుకుంటోంది. ఉప్పు వదిలించుకోవడానికి పిల్లలు బకెట్ నీళ్ళ కోసం బారులు తీరారు.

గదులు కట్టేవాళ్ళు కట్టుకోనీ. ముందు ఈ పూటకి వచ్చి పోయేవాళ్ళ సంగతి చూడాలి: తలుపున్న గది, మంచినీళ్ళ కుళాయి, ఆడవాళ్ళకి మరుగుదొడ్లు, చీకటిపడే దాకా కాపలా ఉండే ఈతగాళ్ళు, బాపట్ల స్టేషన్‌కి ఆఖరి బస్సు. ఇవుంటే సాయంత్రం అయిదింటికే హడావిడిగా బయల్దేరే కుటుంబం ఇంకో గంట ఉంటుంది. ఆ గంటలో ఆవిడ పెనం మీద ఇంకో నాలుగు వాయిలు వేగుతాయి.