పదమూడోదానికి ఏం పెట్టినావు?

చివరి గంట కొట్టగానే పరీక్ష అయిపోయిందని పెద్దవాళ్లం అనుకుంటాం. పిల్లల లెక్కలో రెండో పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ప్లస్ టూ ఫిజిక్స్ పరీక్ష రోజున మా హోసూరులో ఏ బడి గేటు దగ్గరైనా పావుగంట నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది.

"పదమూడోదానికి ఏం పెట్టినావు రా?"

"బి."

"అయ్యో, నేను సి పెట్టినానే!"

ఇద్దరూ కలిసి మూడోవాణ్ణి పట్టుకుంటారు. వాడు తాపీగా "డి" అంటాడు. ఇక చూస్కోండి! సంచుల్లోంచి పుస్తకాలు బయటికి వస్తాయి, సైకిళ్ల మీద పేజీలు తిరుగుతాయి. డెబ్భై మార్కుల పేపర్లో ఒక్క మార్కు ప్రశ్నలు 15. వ్యాసాలు ఎలా రాశారో ఎవరూ అడగరు. పోట్లాటంతా ఆ పదిహేనింటి మీదే.

ఇందులో ఒక విశేషం ఉంది. ప్రశ్నపత్రం ఏ భాషలో ఉన్నా, బాగలూరు, బేరికె, శూలగిరి, వేపనపల్లి వైపు నుంచి వచ్చిన పిల్లల వాదన మాత్రం తెలుగులో సాగుతుంది. నడుమ ఒక తమిళ అబ్బాయి దూరితే తమిళంలోకి, కన్నడ అమ్మాయి వస్తే కన్నడంలోకి మారి, మళ్లీ తెలుగులోకే తిరిగి వస్తుంది. నేను చదివింది బి.కాం. ఫిజిక్స్ పదో తరగతితోనే నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. అయినా ఈ పిల్లల గొడవ నాకు కొత్తగా అనిపించదు. బ్యాంకులో ప్రతి సాయంత్రం మేం చేసేదీ ఇదే. క్యాషులో పది రూపాయలు తేడా వస్తే వోచర్లన్నీ మళ్లీ మొదటి నుంచి తిరగేస్తాం. తప్పు దొరికితే సవరించి రాసుకుని ఇంటికి వెళతాం. పాపం పిల్లలకు సవరించుకునే వీలు లేదు. వాళ్ల చిట్టా గంట కొట్టినప్పుడే మూసేశారు!

మరి మార్చలేని దాని గురించి ఇంత తర్జనభర్జన ఎందుకు? "అయిందేదో అయింది, రేపటి పరీక్షకు చదువుకో" అని మనం గదమాయిస్తాం. ఆ మాటలో సగం నిజం ఉంది. మర్నాడో మూడోనాడో కెమిస్ట్రీ పరీక్ష ఉన్నప్పుడు, పోయిన రెండు మార్కుల కోసం ఏడుస్తూ కూర్చుంటే ఉన్నవీ పోతాయి. కానీ మిగతా సగం నిజం ఏమిటో నాకు 2024లో తెలిసివచ్చింది.

తమిళనాడులో వృత్తివిద్యల ప్రవేశపరీక్ష 1984లో మొదలై, 2006లో చేసిన చట్టంతో ఆగిపోయింది. తర్వాత కొన్నేళ్లు ప్లస్ టూ మార్కులతోనే మెడికల్ సీట్లు ఇచ్చారు. 2017 నుంచి నీట్ వచ్చింది. అందులో 720 మార్కులకు ఫిజిక్స్ వాటా 180. సరైన జవాబుకు 4 మార్కులు ఇస్తారు, తప్పుకు 1 కోస్తారు. బ్యాంకువాణ్ణి కదా, నేనూ లెక్క వేసి చూశాను. ఏమీ తెలియక నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా గీస్తే, సగటున ఒకటి తగిలి నాలుగు వస్తాయి, మూడు తప్పి మూడు పోతాయి. మిగిలేది ఒక్క మార్కు. ఈ వ్యాపారంలో లాభం లేదు. కానీ తెలుసనుకుని పెట్టింది తప్పయితే రావలసిన నాలుగూ పోయి, ఉన్నదాంట్లోంచి ఇంకొకటి పోతుంది. అంటే ఐదు మార్కుల దెబ్బ.

2024 మే 5, ఆదివారం నాడు జరిగిన నీట్ రాసినవాళ్లలో మా అమ్మాయి, మా వీధిలోని ఒక అబ్బాయి కూడా ఉన్నారు. ఆ అబ్బాయి పదో తరగతి వరకు ప్రభుత్వ బడిలో తెలుగు మాధ్యమంలో చదివినవాడు. తండ్రి గులాబీ తోటల్లో పనిచేస్తాడు. నీట్ తెలుగులోనూ ఉంది, కానీ తెలుగు ప్రశ్నపత్రం ఇచ్చేది ఆంధ్ర, తెలంగాణ కేంద్రాలలోనే. హోసూరు పిల్లవాడికి అది కావాలంటే సరిహద్దు దాటి చిత్తూరో తిరుపతో పెట్టుకోవాలి. అందుకని అతను ఇంగ్లీషు పేపరే రాశాడు.

ఆ రాత్రి ఇద్దరూ మా వసారాలో ప్రశ్నపత్రాలు పరిచారు. ఇద్దరి పేపర్ కోడ్లూ వేరు కాబట్టి ఎవరి ఏ ప్రశ్న ఎవరి ఏ నంబరో జత చేసుకోవడానికే అరగంట పట్టింది. ఒకచోట ఇద్దరూ ఆగిపోయారు. ప్రశ్నలో రెండు వాక్యాలు ఉన్నాయి. పరమాణువులో ధన, ఋణ ఆవేశాలు సమానం కనుక దానికి విద్యుదావేశం ఉండదనేది మొదటిది. ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరమైనవి, తమకే ప్రత్యేకమైన వర్ణపటాన్ని వెలువరిస్తాయి అనేది రెండోది. ఆ అబ్బాయి రెండూ సరైనవే అని పెట్టాడు. మా అమ్మాయి మొదటిదే సరి, రెండోది తప్పు అని పెట్టింది.

"పుస్తకంలో ఇట్లే ఉంది, చూడు," అంటూ అతను పన్నెండో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకం తెచ్చి చూపించాడు. నిజమే, అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. అది వాళ్ల పెద్దమ్మ కొడుకు చదివిన పాత పుస్తకం. మా అమ్మాయిది కొత్త ముద్రణ. అందులో 'ప్రతి మూలకం' బదులు 'చాలా మూలకాలు' అని ఉంది.

"పుస్తకం మాట వదిలేయి. రేడియం సంగతి చెప్పు. దాని పరమాణువు తనంతట తాను విరిగిపోతుంది కదా? స్థిరమైనదని ఎట్ల అంటావు?" అంది మా అమ్మాయి. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అవును, విరిగిపోతుంది. పుస్తకంలో ఉందని నమ్మేసినా, అది ఆలోచించలేదు" అన్నాడు. నేను నడుమ దూరి "అణువు విరిగితే ఏమవుతుందప్పా?" అని అడిగాను. "అణువు కాదు మామా, పరమాణువు. పరమాణువులు కలిస్తే అణువు," అని నాకు ఓపికగా తెలుగులో పాఠం చెప్పాడు. వర్ణపటం అనే మాట మా అమ్మాయి కూడా అప్పుడే అతని దగ్గర నేర్చుకుంది.

ఇది మా వసారాతో ముగియలేదు. జవాబుల పట్టిక మీద అభ్యంతరం చెప్పాలంటే ప్రశ్నకు 200 రూపాయలు కట్టాలి. ఆ ఒక్క ప్రశ్న మీద దేశం మొత్తంలో 13 వేలకు పైగా అభ్యంతరాలు వచ్చాయి. పాత పుస్తకం చదివినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రెండు జవాబులకూ మార్కులు ఇచ్చారు. చివరకు సంగతి సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు ఢిల్లీ ఐ.ఐ.టి.ని ముగ్గురు నిపుణులతో చూడమంది. జూలై 23న వారి అభిప్రాయం కోర్టుకు అందింది: సరైన జవాబు ఒకటే, రెండో వాక్యం తప్పు. దాంతో ఇంకో జవాబు పెట్టిన 4 లక్షల మందికి పైగా పిల్లలకు ఐదేసి మార్కులు తగ్గాయి. అంతకుముందు 720కి 720 వచ్చినవారిలో 44 మంది ఈ ఒక్క ప్రశ్నతోనే కిందికి దిగారు. సవరించిన ఫలితాల్లో పూర్తి మార్కులు మిగిలింది 17 మందికి.

వసారాలో ఇద్దరు పిల్లలు తేల్చుకున్నదే దేశంలోని పెద్ద కోర్టులోనూ తేలింది. తప్పు పెట్టిన పిల్లవాడికి తన తప్పు ఎందుకు తప్పో జూలై దాకా ఆగకుండా మే 5 రాత్రే తెలిసింది. మార్కులు పోయాయి, పాఠం మిగిలింది. ఇంత చెప్పి, అతనికి సీటు వచ్చిందని చెప్పగలిగితే మీకూ నాకూ సంతోషంగా ఉండేది. రాలేదు. ప్రభుత్వ బడి పిల్లలకు తమిళనాడులో 7.5 శాతం మెడికల్ సీట్లు కేటాయించారు. ఆ వరుసలో ఒక్కొక్క మార్కూ బంగారమే. మా అమ్మాయికి ఆ ఐదు మార్కులు ఉండీ సీటు రాలేదు. ఇంకో ఏడాది కూర్చుని మళ్లీ రాయమని ఆ అబ్బాయి తండ్రి అన్నాడు. అతను ఒప్పుకోక కృష్ణగిరిలో బి.యస్సీ. ఫిజిక్స్‌లో చేరాడు. ఆ నిర్ణయం మంచిదో కాదో చెప్పడానికి నేనెవర్ని? వాళ్లమ్మకు మాత్రం ఈనాటికీ మనసులో ఆ ఐదు మార్కులే మెదులుతుంటాయి.

పరాయి రాష్ట్రంలో పిల్లల్ని పెంచుతున్న మనలాంటి తల్లిదండ్రులకు నా మనవి ఇదే. పిల్లలు పరీక్ష రాసి గుమ్మంలోకి రాగానే "ఎన్ని వస్తాయి?" అని అడగకండి. ముందు ఒక ముద్ద తిననివ్వండి. ఎలాగూ మే నెల కదా, కృష్ణగిరి మామిడిపండు ఒకటి కోసి చేతికివ్వండి. మర్నాడు ఇంకో పరీక్ష ఉంటే ఆ ప్రశ్నపత్రం మడిచి బీరువాలో పెట్టేయండి. లేకపోతే మాత్రం స్నేహితుల్ని పిలుచుకుని వాదించుకోనివ్వండి. "ఏం పెట్టినావు?" దగ్గరే వాదన ఆగిపోతే, "ఎందుకు పెట్టినావు?" అని మీరు అందించండి. బి.కాం. చదివిన నాబోటివాడు కూడా ఆ ప్రశ్న అడగగలడు.

మన పిల్లలకు ప్రశ్నపత్రం మన భాషలో రాకపోవచ్చు. ఎందుకన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఇంకా మన వసారాల్లో, మన భాషలోనే వెతుక్కుంటున్నారు. అది ఆగిపోకుండా చూసుకుందాం.