సంఘం గొంతు ఎక్కడుందో వెతికే వేళ్ళు

ఆయన ఎడమ చెయ్యి తిత్తి మీద ఉంటుంది. కుడి చెయ్యి ఇంకా ఒళ్ళోనే. ఎదురుగా చాప మీద కూర్చున్న పెద్దావిడ వైపు చూసి "మీరెత్తండమ్మా" అంటారు. ఆవిడ సన్నగా పల్లవి ఎత్తుకుంటుంది. అప్పుడు గానీ చూపుడు వేలు మెట్ల మీదికి రాదు. ఒకచోట తాకి, ఇంకోచోట తాకి, ఆవిడ గొంతు ఎక్కడుందో పట్టుకుంటుంది. ఆ పూటకి అదే శ్రుతి. పై చరణంలో గొంతు చీలుతోందనిపిస్తే అర శ్రుతి దించి మళ్ళీ మొదలుపెట్టిస్తారు.

గోదావరి జిల్లాల చర్చిల్లో పాట ఎలా మారుతోందో చూసి రమ్మని మా సంపాదకులు నన్ను నిడదవోలు పంపారు. శనివారం సాయంత్రం, మర్నాటి ఆరాధనకు సాధన జరుగుతోంది. సంఘ పెద్దలు గుడి చరిత్ర చెబుతామన్నారు, కొత్త హాలు చూపిస్తామన్నారు. నేను మాత్రం ఈ హార్మోనియం మాస్టారి పక్కనుంచి లేవలేదు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. అందరూ గొంతు కలపగానే ఆయన ఒక స్టాపు లోపలికి నెట్టి, తిత్తి వేగం తగ్గించారు. జనం పాట పైకి లేచింది, పెట్టె నాదం దాని అడుక్కి చేరింది. చరణానికీ చరణానికీ మధ్య ఒక్క గమకమైనా సొంతంగా వెయ్యలేదు.

"మీరు విడిగా వాయించరా మాస్టారూ?" అన్నాను.

"ఇంటి దగ్గర వాయిస్తానండి. ఆదివారం ఎందుకూ?"

అవతలి మూల కీబోర్డు, రిథమ్ ప్యాడ్, మనిషెత్తు స్పీకర్లు రెండు ఉన్నాయి. కుర్రాళ్ళు వచ్చి కొత్త పాట అందుకున్నారు. నిజాయితీగానే వాయిస్తున్నారు, చేతుల్లో పనితనం ఉంది. కానీ ఆ పాట స్టూడియోలో పాడిన గాయకుడి శ్రుతిలో ఉంది. మొదటి చరణం సగానికి వచ్చేసరికి చాప మీదివాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఇందాక పల్లవి ఎత్తిన పెద్దావిడ పక్కావిడతో అంది: "ఈ పెట్టెలొచ్చాక మన నోళ్ళు మూతబడిపోయాయే. వాళ్ళు పాడతారు, మనం చప్పట్లు కొడతాం." నాకు చెప్పిన మాట కాదది. చెవిన పడింది, ఇంకా పోలేదు.

హార్మోనియం మనది, కీబోర్డు పరాయిది అని నేను వాదించను. హార్మోనియం 19వ శతాబ్దంలో పారిస్‌లో పుట్టింది. దాన్ని నేల మీద కూర్చుని చేత్తో తిత్తి ఊదుతూ వాయించే పెట్టెగా కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మలిచారు. మన సంగీతానికి పనికిరాదంటూ 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని బయటే ఉంచింది. ఏ వాయిద్యమైనా ఒకనాడు కొత్తదే. నేను అడిగేది వేరు: ఆ చేతులు ఎవరికోసం కదులుతున్నాయి? దేవుడి ముందు నిలబడ్డ జనానికి దారి ఇస్తున్నాయా, అడ్డం నిలుస్తున్నాయా?

ఈ బెంగ ఈనాటిది కాదు. ఆమోసు ప్రవక్త గ్రంథం 5వ అధ్యాయంలో, న్యాయం లేనిచోట మీ పాటలూ స్వరమండలాలూ నాకొద్దని దేవుడే తోసిపుచ్చుతాడు. పాటలోని సంగతి కంటే పాడే తీరే తనను ఎక్కువగా కదిలించినప్పుడు అది పాపమేనని అగస్టీన్ తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. అలాగని పాట మానెయ్యమనలేదు. లూథర్ అయితే సామాన్యులు పాడుకోవాలని వాళ్ళ భాషలోనే పాటలు రాశాడు. ఆ లూథరన్ మిషన్ తరఫునే హయ్యర్ దొరగారు 1842లో గుంటూరు చేరారు. రాజమండ్రిలోనూ ఆ సంఘాలే వేళ్ళూనాయి. వాళ్ళకంటే ముందే, 1836లో, బౌడెన్, బీర్ దంపతులు ఈ డెల్టాకు వచ్చారు. వాళ్ళ గోదావరి డెల్టా మిషన్‌కు పట్టుగొమ్మైన నరసాపురానికి ఇవాళ ఇదే నిడదవోలు జంక్షన్ నుంచి భీమవరం మీదుగా రైలు పోతుంది.

దొరలు తమ ట్యూన్లు తెచ్చారు గానీ తెలుగు సంఘం గుండెకు పట్టింది కీర్తనే. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు పల్లవి, చరణాలు కట్టి, రాగతాళాలు పెట్టి రాశారు. రాజమండ్రి దగ్గర పుట్టి, 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారూ కీర్తనలు రాశారు. ముందొకరు అంటే వెనక పదిమంది అంటారు. అక్షరం రాని కూలి మనిషికి కూడా సువార్త అలాగే నోటికొచ్చింది. వినడం ఒకరి వంతు, పాడటం ఇంకొకరి వంతు అన్న విభజన అందులో లేదు. నన్నడిగితే తెలుగు క్రైస్తవం ఈ నేలకిచ్చిన గొప్ప కానుక ఆ కీర్తనే.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. కీబోర్డు అబ్బాయిని ఒక పేజీ చూపించి అడిగాను. "అవెప్పుడూ చూడలేదండి" అన్నాడు. మాస్టారు ఆ పేజీ చేతికి తీసుకుని ఆనందభైరవి కూనిరాగం తీశారు. అబ్బాయి చెయ్యి దానంతటదే కీబోర్డు మీదికెళ్ళింది. నాలుగు స్వరాలు సరిగ్గానే పట్టుకున్నాడు. "ఎవరూ చెప్పలేదండి మాకు" అన్నాడు. నాకు కోపం వచ్చింది ఆ మాటకే, ఆ అబ్బాయి మీద కాదు. స్పీకర్లకు చందాలు వేసుకునే సంఘాలు, ఇలాంటి మాస్టారి దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టే ఏర్పాటు ఎందుకు చెయ్యవు? పుస్తకంలో రాగం పేరుంటుంది, స్వరాలుండవు. ఆ బాణీ ఉన్నది మాస్టారి వేళ్ళలో, చాప మీది పెద్దావిడ గొంతులో. వాళ్ళు వెళ్ళిపోతే పేజీ మీద మిగిలేది మాటలే.

పాస్టరు గార్లకూ, క్వయర్ పిల్లలకూ నా విన్నపం. కొత్త పాటలు పాడండి, కానీ సంఘానికి అందే శ్రుతికి దించి పాడండి. ఆదివారానికి ఒక్క కీర్తనైనా మైకు కట్టేసి అందరిచేతా పాడించండి. జనం నోళ్ళు ఆగిపోతే వాయిద్యం తగ్గించండి. మీ ఊళ్ళో పాత బాణీలు తెలిసిన పెద్దవాళ్ళెవరో కనుక్కుని, వచ్చే శనివారమే వాళ్ళ పక్కన కూర్చుని మీ ఫోన్లో రికార్డు చెయ్యండి. కీర్తన రాసినవారి పేరు, రాగం, తాళం, పాడినవారి ఊరు దాంతోపాటు రాసిపెట్టండి. నిడదవోలు మాస్టారి పాటలు ఇంతవరకు ఎవరూ రికార్డు చెయ్యలేదు.