కళ్ళు పచ్చబడక ముందే

మన్యంలో ఏ పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడినా మా నోట మొదట వచ్చే మాట మలేరియా. ఒక ఏడాది వానలు తగ్గే వేళ మా బడిలో ఆరో తరగతి కుర్రాడికి జ్వరం వచ్చింది. రక్తం చూసి మలేరియా కాదన్నారు. జ్వరం దిగింది కానీ వాడు తేరుకోలేదు. అన్నం చూస్తే వికారం, కుడి డొక్క కింద నొప్పి, ఆటకు లేవడు. ఇంటి మీద బెంగ అనుకున్నాం. బద్ధకమని కసిరాం కూడా.

ఐదో రోజు వాడి స్నేహితుడు మెల్లగా చెప్పాడు: "సార్, వాడికి ఒంటేలు టీ డికాషన్‌లా పోతోంది. సిగ్గుపడి చెప్పలేదు."

వెలుతురులోకి తీసుకెళ్ళి కింది రెప్ప లాగి చూశాం. తెల్లగుడ్డు పసుపు రంగుకు తిరుగుతోంది.

వాడి తాత వాత పెట్టిద్దామన్నాడు. మాలో చాలామంది చేతుల మీద ఆ మచ్చలున్నాయి. మాకు తగ్గింది కదా అనుకుంటాం. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం వాతకు దక్కింది. తాతను ఒప్పించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పరీక్షలో హెపటైటిస్ ఎ అని తేలింది. నెల తిరక్కుండా వాడు బడికొచ్చాడు.

హెపటైటిస్ ఎ, ఇ కలుషితమైన నీళ్ళతో, తిండితో వస్తాయి. గుర్తులు బయటపడేసరికి రెండు వారాల నుంచి నెల పైనే పట్టవచ్చు. ఊట నీళ్ళు తేటగా ఉన్నా మరగకాచి తాగాలి. గర్భిణులకు, ముఖ్యంగా చివరి నెలల్లో, ఇ రకం ప్రాణాంతకం కావచ్చు. బి, సి రకాలు రక్తం ద్వారా వస్తాయి. ఒకే సూదితో పలువురికి పచ్చబొట్టు పొడిపించకూడదు. ఇవి ఏళ్ళ తరబడి గుర్తులు లేకుండానే లోపల ఉండవచ్చు. బి రకానికి టీకా ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి మోతాదు వేయించాలి. కామెర్లున్న మనిషి మత్తుగా పడుకున్నా, మాట తడబడినా, రక్తం కారినా, వాంతులు ఆగకపోయినా ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇప్పుడు నలతగా ఉన్న పిల్లల్ని మేము కసరం. పక్కకు పిలిచి ఒంటేలు ఏ రంగులో పోతోందని అడుగుతాం. ఆడపిల్లల్ని టీచరమ్మ అడుగుతుంది. కంటి కంటే ముందు చెప్పేది అదే. ఆ కుర్రాడు మాకు నేర్పిన పాఠం ఇది.