తల పైకెత్తితే త్రికోణాలు!

మైదుకూరు అనగానే పసుపు గుర్తొస్తుంది. కర్నూలు-కడప రోడ్డూ, ప్రొద్దుటూరు నుంచి బద్వేలు మీదుగా నెల్లూరు వెళ్లే రోడ్డూ కలిసే ఊరిది. కేసీ కాలువ కింద పండిన పసుపు ఉడికి, ఎండి, డ్రమ్ముల్లో పాలిషై గోదాములకు చేరుతుంది. సీజన్లో వెళ్లినవాళ్లంతా బస్తాలే చూస్తారు. ఈసారి వెళ్తే ఓసారి తల పైకెత్తండి. రేకుల కింద ఇనుప కమ్మీలతో అల్లిన త్రికోణాలు కనిపిస్తాయి. ఇంజినీర్లు వాటిని ట్రస్సులంటారు. నడుమ స్తంభాలు లేకుండా కప్పును మోసేది అవే.

త్రికోణమే ఎందుకంటారా? నాలుగు పుల్లల్ని కొసల దగ్గర దారంతో కట్టి చతురస్రం చేయండి. వేలితో తోస్తే ఒరిగిపోతుంది. మూడింటితో కడితే పుల్ల విరగాలే తప్ప ఆకారం మారదు!

ఏ కమ్మీ ఎంత మోస్తుందో పదో తరగతి లెక్కలతోనే తేల్చొచ్చు. ప్రతి ముడి దగ్గరా పైకి తోసేదీ కిందికి నొక్కేదీ, ఎడమకు లాగేదీ కుడికి లాగేదీ సరిపోవాలి. అంతే! అమెరికా ఇంజినీరు స్క్వైర్ విపుల్ 1847లోనే ఈ పద్ధతిని పుస్తకంగా రాశాడు.

మూడు కమ్మీల ట్రస్సు తీసుకుందాం. వాలు 30 డిగ్రీలు, కొప్పు మీద టన్ను బరువు. చెరో గోడ మీదా అర టన్ను పడుతుంది. కానీ వాలు కమ్మీ ఒక్కోదానిలో నొక్కుడు పూర్తిగా టన్ను! అర టన్నును సైన్ 30తో భాగిస్తే వచ్చేది అదే. ఆ తోపుడికి గోడలు బయటికి ఒరగకుండా కింది కమ్మీ 866 కిలోల బలంతో లాగి పట్టుకుంటుంది. ఇనుము కలిసొస్తుందని వాలును 15 డిగ్రీలకు తగ్గిస్తే? వాలు కమ్మీలో సుమారు 1,930 కిలోలు, కింది కమ్మీలో 1,870.

కొప్పు నుంచి నిట్టనిలువుగా కిందికి దిగే కమ్మీ ఒకటి కొన్నింటికి ఉంటుంది. లెక్క కడితే దానిలో బలం సున్నా. పనిలేనిదని కోసేయకండి. కింది కమ్మీ వేలాడిపోకుండా ఆపేది అదే. ఆ ముడికి కాటా తగిలించి క్వింటా బస్తా ఎత్తారనుకోండి, సున్నా కాస్తా 100 కిలోలవుతుంది.

ఈ లెక్క విశ్వరూపం చూడాలంటే రాజమండ్రి వెళ్లాలి. గోదావరి మీది హేవ్‌లాక్ వంతెన పని 1897లో మొదలై 1900లో పూర్తయింది. 56 ఖానాలు, ఒక్కోటీ 150 అడుగులు. కంప్యూటరు లేదు, కాగితమూ పెన్సిలే! పైగా రైలు కదిలే బరువు. ఇంజను ముందుకు జరిగేకొద్దీ నడిమి ఏటవాలు కమ్మీల్లో లాగుడు నొక్కుడుగా మారుతుంటుంది. ఆ రెంటినీ లెక్కలో పెట్టాలి. 1997 దాకా ఆ వంతెన రైళ్లను మోసింది.

గోదాము మీదికి రైలు ఎక్కదు. గాలి ఎక్కుతుంది. ఎండాకాలం సాయంత్రం గాలివాన లేచిందంటే రేకుల్ని నొక్కడం కన్నా పైకి పీకడమే ఎక్కువ. తలుపులు తెరిచుంటే లోపల దూరిన గాలి కూడా దానికి తోడవుతుంది. ఆ పీకుడు కప్పు బరువును మించితే లెక్కంతా తలకిందులు! అప్పటిదాకా తాడులా లాగి పట్టుకున్న కింది కమ్మీకి నొక్కుడు మొదలవుతుంది. సన్న కమ్మీ లాగుడికి ఆగుతుంది కానీ, చీపురుపుల్లను నిలబెట్టి నొక్కితే ఏమవుతుందో తెలుసుగా! కప్పు లేస్తే నష్టం రేకులతో పోదు, ఏడాది పంట తడిసిపోతుంది.

మన వెల్డింగ్ అన్నల అనుభవాన్ని తక్కువ చేయనక్కర్లేదు. బరువు విషయంలో వాళ్ల అంచనా చాలావరకు సరిపోతుంది. చిక్కంతా గాలితోనే. కొత్త షెడ్డు వేయించేవాళ్లు ఇంజినీరు దగ్గర బరువుకొకటి, గాలికొకటి, రెండు లెక్కలూ అడిగి తీసుకోవాలి. ట్రస్సును గోడకు బిగించే బోల్టులు పైకి లాగే బలాన్ని ఎంత ఆపగలవో కూడా అందులో రాయించుకోవాలి.